ఓక్ పీపాలో మాగిన స్టౌట్‌కి తొందర పనికిరాదు

ఓక్ పీపాలో నెలల తరబడి మాగిన స్టౌట్‌ని, అంటే నల్లటి చిక్కటి బీరుని, ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగేయకండి. అంత చల్లగా ఉంటే చేదు, మాడు వాసన తప్ప ఇంకేమీ తెలియవు. కాసేపు బయట ఉంచి, 12 డిగ్రీల దగ్గరికి వచ్చాక మొదలుపెట్టండి. పొట్ట వెడల్పుగా, మూతి సన్నగా ఉన్న గ్లాసులో 100 మిల్లీలీటర్లు చాలు. ఆల్కహాల్ చాలావాటిలో 10 శాతం పైనే, మామూలు బీరులా గటగటా తాగేది కాదు మరి!

ముక్కు గ్లాసులోకి దూర్చేస్తే ఘాటు ఒక్కటే తగులుతుంది. కాస్త ఎడంగా పట్టుకోండి, వెనిలా, కొబ్బరి వాసనలు మెల్లగా వస్తాయి. అవి ఓక్ చెక్క ఇచ్చినవి. కాఫీ, చాక్లెట్ రుచులు మాత్రం బాగా వేయించిన బార్లీవి. నేనైతే చివరి రెండు గుక్కలు అరగంట ఆగి తాగుతాను, తీపి అప్పుడే బాగా తెలుస్తుంది.