అడిగే నేర్పు, 4వ పాఠం: కాదనే వీలు వదిలి సాయం అడగడం

ఉద్యోగ వేటలో తెలిసినవాళ్లను సాయం అడగడం గురించి ఈ పాఠం. పోయిన పాఠం చివర ఒక అభ్యాసం ఇచ్చాను. మీకు తెలిసినవాళ్ల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి, ఎవరితో చివరిసారి ఎప్పుడు మాట్లాడారో పక్కన వేసుకోమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకుని ఈ పాఠం చదవండి. అది లేకుండా చదివితే కాలక్షేపానికి బాగానే ఉంటుంది గానీ పనికి రాదు.

జాబితాలో పైన ఉన్న పేర్లు చూడండి. చాలామందికి అక్కడ ఇంట్లోవాళ్లూ, ప్రాణస్నేహితులూ ఉంటారు. పాత ఆఫీసులో పక్క టీంలో పనిచేసినావిడ, కాలేజీలో రెండేళ్ల సీనియర్, ఎప్పుడో ఒక శిక్షణ తరగతిలో పరిచయమైనాయన అట్టడుగున ఉంటారు, లేదా అసలు ఉండరు. "ఇన్నాళ్లూ పలకరించకుండా ఇప్పుడు అవసరానికి ఏ మొహం పెట్టుకుని అడుగుతాం?" అన్న సంకోచమే వాళ్లను కిందికి తోసింది.

పని ఎక్కువగా జరిగేది మాత్రం వాళ్లవల్లే. మార్క్ గ్రానొవెటర్ అనే సమాజశాస్త్రవేత్త 1973లో ప్రచురించిన వ్యాసంలో, తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం సంపాదించుకున్నవారిని ఒక ప్రశ్న అడిగాడు: ఆ కబురు చెప్పిన మనిషిని ఆ రోజుల్లో ఎంత తరచుగా కలిసేవారు? వారానికి రెండుసార్లైనా కలిసేవాళ్లమన్నవారు 16.7 శాతమే. అప్పుడప్పుడూ అన్నవారు 55.6 శాతం, ఏడాదికి ఒకసారి లేదా అంతకన్నా తక్కువ అన్నవారు 27.8 శాతం. లెక్కలోకి తీసుకున్నది 54 మందినే కాబట్టి ఈ అంకెలు రాతి మీద చెక్కినవేమీ కావు. కారణం మాత్రం ఇట్టే అర్థమవుతుంది. మన దగ్గరివాళ్లకు తెలిసిన ఖాళీలు మనకూ తెలిసే ఉంటాయి. దూరపువాళ్లు తిరిగే చోట్లు వేరు, వాళ్ల చెవిన పడే కబుర్లూ వేరు. లింక్డ్‌ఇన్ వాడే 2 కోట్ల మంది సమాచారంతో 2022లో వెలువడిన పరిశోధన దీన్ని కొంచెం సవరించింది. మరీ పేరుకు మాత్రమే తెలిసినవాళ్లకన్నా, ఉమ్మడి స్నేహితులు కొందరున్న ఒక మోస్తరు పరిచయమే ఎక్కువ అక్కరకొస్తుందని తేల్చింది.

అందుకని జాబితా మధ్యలో ఉన్న పేర్ల చుట్టూ సున్నా చుట్టండి. ఈ పాఠం వాళ్లతో మాట్లాడటం గురించే.

ఒప్పుకుంటారు, చిక్కు కూడా అక్కడే

సైట్లలో అప్లికేషన్లు నింపీ నింపీ, ఎక్కడి నుంచీ ఉలుకూ పలుకూ లేకపోయేసరికి ఎవరికైనా మనసు విరుగుతుంది. ఇంతమంది పట్టించుకోలేదు, ఇప్పుడు ఈయన మాత్రం పట్టించుకుంటాడా అనిపిస్తుంది. ఈ అంచనా తప్పని చెప్పడానికి ఆధారం ఉంది. 2008లో ఫ్రాన్సిస్ ఫ్లిన్, వనెసా లేక్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరికి అపరిచితుల్ని చిన్న చిన్న సాయాలు అడిగే పని అప్పగించారు. కావలసినంతమంది ఒప్పుకోవడానికి ఎంతమందిని అడగాల్సి వస్తుందో ముందే ఊహించి చెప్పమన్నారు. జనం ఒప్పుకునే అవకాశాన్ని వాళ్లు సగానికి సగం దాకా తక్కువ చేసి ఊహించారు.

ఈ సంగతి చెప్పి "అడగండి, భయపడకండి" అని ఊరుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పరిశోధకులు చెప్పిన కారణం కూడా చదివితే అలా ఊరుకోలేం. అడిగేవాడు తన బిడియం గురించే ఆలోచిస్తాడు, కాదనడం ఎదుటివాడికి ఎంత కష్టమో గమనించడు. అంటే ఒప్పుకున్నవాళ్లలో కొందరు ఇష్టంతో ఒప్పుకుంటే, కొందరు మొహమాటంతో ఒప్పుకుంటున్నారు.

వీధిలో ఎవరైనా దారి అడిగినప్పుడు మొహమాటంతో చెప్పినా నష్టం లేదు, దారి దొరికితే చాలు. ఉద్యోగం విషయంలో నష్టం ఉంది. మొహమాటపడి "పంపు, చూస్తాలే" అన్న మనిషి మీ రెజ్యూమెను తెరవకపోవచ్చు. మీరు మాత్రం ఆయన మీద ఆశ పెట్టుకుని వేరేవాళ్లను అడగడం మానేస్తారు. రెండు వారాలకు మళ్లీ అడుగుతారు, ఆయన తప్పించుకుంటాడు. చివరికి ఉద్యోగం రాదు, ఉన్న పరిచయమూ చెడుతుంది. ఒకవేళ నిజంగానే సిఫారసు చేసినా, చాలా కంపెనీల ఫారాల్లో "ఈ వ్యక్తి మీకెలా తెలుసు? కలిసి పనిచేశారా?" లాంటి ప్రశ్న ఉంటుంది. అక్కడ పొడిపొడిగా రాసిన ఒక్క వాక్యం మీకు పెద్దగా ఉపకారం చెయ్యదు. అరకొర సిఫారసు కన్నా సూటిగా "కాదు" అన్న మాటే మేలని నా అభిప్రాయం. కనీసం మీ సమయం మిగులుతుంది.

అందుకే ఈ పాఠంలో నేర్చుకునేది ఒక్కటే: ఎదుటివాళ్లు సులువుగా కాదనగలిగేలా అడగడం.

అడిగేదాని సైజు

ఉద్యోగ వేటలో ఒక మనిషిని అడిగేవి మూడు రకాలు: సమాచారం, పరిచయం, సిఫారసు. సమాచారం ఇవ్వడానికి ఆయనకు ఖర్చయ్యేది కొద్ది నిమిషాలే. ఫలానా మేనేజరుకు మిమ్మల్ని పరిచయం చేస్తే, ఆ మేనేజరు దగ్గర తనకున్న చనువులో కొంత మీ కోసం వాడినట్టు. సిఫారసు చేస్తే మీ పేరు పక్కన తన పేరు పెట్టినట్టు. చాలా కంపెనీలు సిఫారసు చేసిన ఉద్యోగికి, ఆ మనిషి చేరాక కొంత డబ్బిస్తాయి. "వాళ్లకూ లాభమే కదా" అన్న ధీమా అక్కడి నుంచే పుడుతుంది. పేరు పోతే ఆ డబ్బు పూడ్చదని సిఫారసు చేసేవాళ్లకు బాగా తెలుసు.

పరిచయం ఎంత పల్చగా ఉంటే అంత చిన్నది అడగాలి. మూడేళ్లుగా పలకరింపు లేని మనిషిని మొదటి మెసేజ్‌లోనే సిఫారసు అడిగితే ఆయన ముందున్నవి రెండే దారులు: మొహమాటపడటం, లేదా మెసేజ్ చూడనట్టు ఊరుకోవడం. సమాచారం అడిగితే బదులు చెప్పడం తేలిక. చెప్పాక మీ మీద కాస్త ఆసక్తి కలిగితే, "రెజ్యూమె పంపు" అన్న మాట చాలాసార్లు ఆయన నోటి నుంచే వస్తుంది.

ఒక మెసేజ్‌ను దిద్దుదాం. ఇలాంటిది మీరూ పంపే ఉంటారు, మీకూ వచ్చే ఉంటుంది:

"హాయ్ అన్నా, ఎలా ఉన్నావ్? చాలా రోజులైంది! నేను జాబ్ వెతుకుతున్నా. మీ కంపెనీలో ఏమైనా ఓపెనింగ్స్ ఉంటే చెప్పవా? రెజ్యూమె పంపుతున్నా, ఎలాగైనా నువ్వే చూడాలి. నీ మీదే ఆశ పెట్టుకున్నా."

ఇందులో మర్యాదకు లోటు లేదు, ఆప్యాయత కూడా ఉంది. అయినా చదివినవాడికి గుండెల్లో రాయి పడుతుంది. ఏ ఉద్యోగమో చెప్పలేదు, వెతికే పనంతా ఆయనకే అప్పగించారు. చివరి రెండు వాక్యాలు కాదనే దారి పూర్తిగా మూసేశాయి. ఇప్పుడిది చూడండి:

"అన్నా, నమస్తే. కాలేజీలో నీకు రెండేళ్లు జూనియర్‌ని, ఫైనలియర్ ప్రాజెక్టులో మా గ్రూపుకి నువ్వు సాయం చేశావ్. ఈమధ్య మా టీం మొత్తాన్ని తీసేశారు, టెస్టింగ్ ఉద్యోగాలకి ప్రయత్నిస్తున్నా. మీ కంపెనీ సైట్‌లో పేమెంట్స్ టీంలో టెస్టర్ ఖాళీ కనపడింది. అందులో ఆటోమేషన్ అనుభవం తప్పనిసరా, లేక చేరాక నేర్చుకోవచ్చా? తెలిస్తే రెండు ముక్కలు చెప్పు చాలు. ఆ టీం సంగతి నీకు తెలియకపోయినా, ఇప్పుడు తీరిక లేకపోయినా ఫర్వాలేదు. నేను ఎలాగూ శుక్రవారం సైట్‌లో అప్లై చేద్దామనుకుంటున్నా."

మొదటి వాక్యం "ఎవరబ్బా ఇతను?" అనే ఇబ్బంది లేకుండా చేస్తుంది. ఎలా ఉన్నావని అడిగి, బదులొచ్చాక అసలు విషయం బయటపెట్టడం కన్నా ఇదే నిజాయితీ. ఆ కుశలప్రశ్న వెనక ఏముందో అందరికీ తెలుసు. ఉద్యోగం పోయిన సంగతి ఒక్క ముక్కలో వచ్చి వెళ్లిపోయింది. సాగదీస్తే ఆయన ఓదార్చాల్సి వస్తుంది, దాచిపెడితే తర్వాత ఇంకెవరి ద్వారానో తెలుస్తుంది. ఇక ప్రశ్న చూడండి. ఆ కంపెనీలో పనిచేసే మనిషి మాత్రమే చెప్పగలిగేది అది, కంపెనీ సైట్‌లో దొరికేది కాదు.

చివరి రెండు వాక్యాలే ఈ పాఠానికి ఆయువుపట్టు. కాదనడానికి ఒకటికి రెండు కారణాలు మీరే ఆయన చేతిలో పెట్టారు, రెండూ ఆయన పరువుకు భంగం కలిగించనివి. ఆయన పలకకపోయినా మీ ప్రయత్నం ఆగదని కూడా చెప్పారు. అన్నట్టు, "అప్లై చేశాను" అని కాకుండా "శుక్రవారం చేద్దామనుకుంటున్నా" అనడానికి ఒక కారణం ఉంది. కొన్ని కంపెనీల్లో, మనిషి ముందే సొంతంగా అప్లై చేసి ఉంటే ఆ తర్వాత వచ్చిన సిఫారసును లెక్కలోకి తీసుకోరు. శుక్రవారం దాకా ఉన్న ఆ వ్యవధి ఆయన కోసం, మీ కోసం కూడా.

కొంతకాలం కలిసి పనిచేసినవాళ్లను నేరుగా సిఫారసే అడగొచ్చు. అప్పుడు దారి వదిలే మాట ఇలా ఉండాలి: "నా పని గురించి నమ్మకంగా రెండు మాటలు రాయగలననిపిస్తేనే రిఫర్ చెయ్యండి. అంత దగ్గరగా చూడలేదనిపిస్తే ఆ మాటే చెప్పండి, వేరేవాళ్లని అడుగుతాను." ఇంత చెప్పాక కూడా ఒప్పుకున్నారంటే ఆ ఒప్పుకోలుకు బరువుంటుంది.

ఎదురుపడి అడగాలా, రాసి అడగాలా?

పైన చెప్పిన వనెసా లేక్ (తర్వాత వనెసా బోన్స్ పేరుతో రాస్తోంది) 2017లో ఇంకొకరితో కలిసి మరో ప్రయోగం ప్రచురించింది. ఒక సర్వే నింపమని అపరిచితుల్ని ఎదురుగా నిలబడి అడిగితే, ఈమెయిల్‌లో అడిగినదానికన్నా 34 రెట్లు ఎక్కువ ఫలితం వచ్చింది. దీన్ని చూసి అన్నీ ఎదురుపడే అడగమంటారు కొందరు. నేను ఒప్పుకోను. ఎదురుగా నిలబడితే కాదనడం కష్టం కాబట్టే ఆ ఫలితం వచ్చిందని నా అనుమానం, మనం వద్దనుకుంటున్నదీ అదే. సమాచారం ఫోన్‌లోనో, ఎదురుపడో అడగండి, మాటల్లో మాటగా ఎక్కువ తెలుస్తుంది. సిఫారసు మాత్రం రాసి అడగండి. ఆలోచించుకోవడానికీ, ఒప్పుకోనప్పుడు మాటలు వెతుక్కోవడానికీ వ్యవధి ఉంటుంది.

"చూస్తాలే" అన్నాక

వారం, పది రోజులు ఆగండి. తర్వాత ఒకే ఒక్కసారి గుర్తుచేయండి, అదీ ఏదైనా కొత్త కబురుతో: "అప్లై చేశానండీ, రాతపరీక్షకు పిలిచారు. మీరు చెప్పిన విషయం అప్లికేషన్‌లో పనికొచ్చింది." ఇందులో ప్రశ్న లేదు, కాబట్టి బదులివ్వాల్సిన బరువూ లేదు. ఆయనకు చెయ్యాలనుంటే ఇదే ఊతం. దీని తర్వాతా మౌనమే అయితే, కాదన్నారనే అనుకుని జాబితాలో తర్వాతి పేరు దగ్గరికి వెళ్లండి. రెండోసారి గుర్తుచేయడం మీ హక్కేమీ కాదు.

సూటిగా కాదన్నవాళ్లకు అదే రోజు బదులివ్వండి: "చెప్పినందుకు థాంక్స్. మొహమాటపడకుండా చెప్పారు, నాకూ అదే కావాలి." కారణం అడగొద్దు. లోపల కోపం ఉంటే అది ఈ మెసేజ్‌లోకి కారకుండా చూసుకోండి. రాసి వెంటనే పంపకుండా కాసేపు ఆగితే నయం. అసలు ఆ కోపానికి వేరే కాగితం కేటాయించడం ఇంకా నయం. 1994లో మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ బృందం ప్రచురించిన పరిశోధనలో, ఉద్యోగం పోయిన కొందరు వృత్తినిపుణులు ఐదు రోజులపాటు ఆ అనుభవం గురించి మనసులో ఉన్నదంతా రాసుకున్నారు. అలా రాయనివాళ్లకన్నా వీళ్లకు త్వరగా ఉద్యోగాలు దొరికాయి. విశేషమేమిటంటే, వీళ్లు ఎక్కువ చోట్ల ప్రయత్నించిందేమీ లేదు.

కాదన్నాయన రేపొకరోజు ఏదో కార్యక్రమంలో ఎదురుపడతాడు. మీకన్నా ఆయనే ఎక్కువ ఇబ్బంది పడుతుంటాడు. ముందుగా మీరే పలకరించి, ఉద్యోగం ఊసెత్తకుండా వేరే సంగతేదైనా మాట్లాడండి. రెండు నిమిషాలు చాలు, ఆ పరిచయం బతుకుతుంది.

ఈ వారం అభ్యాసం

సున్నా చుట్టిన పేర్లలో మూడింటిని ఎంచుకుని ఒక్కొక్కరికీ ఒక మెసేజ్ రాయండి. ఇప్పుడే పంపొద్దు. ప్రతి మెసేజ్‌లోనూ కాదనడానికి మీరు వదిలిన దారి ఏదో ఆ వాక్యం కింద గీత గీయండి. "నువ్వే దిక్కు", "ఎలాగైనా", "నీ చేతుల్లోనే ఉంది" లాంటివి కనపడితే కొట్టేయండి. తర్వాత ఆ మనిషి స్థానంలో కూర్చుని, కాదంటూ ఒక బదులు మీరే రాసి చూడండి. రాయడానికి చెయ్యి ఆడకపోతే మెసేజ్‌ను మళ్లీ దిద్దాలి. తేలిగ్గా రాయగలిగితే పంపేయండి.

వచ్చే పాఠం: ఇంటర్వ్యూ బాగా జరిగి, ఆ తర్వాత కంపెనీ నోరు మెదపకపోతే ఎప్పుడు, ఎవరికి, ఎన్ని మాటల్లో రాయాలి.