గ్లిబ్‌సి మారాక ప్రోగ్రాం కంపైల్ కావట్లేదా?

మొగల్తూరు వైపు మా రొయ్యల చెరువు గట్టు మీద పాత మినీ పీసీ ఒకటి ఉంది. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో చూసి, తెల్లవారుజామున పడిపోతే ఏరేటర్లు ఆన్ చేయడం దాని పని. ఆ సి ప్రోగ్రాంని పాలకొల్లులో ఇంటి దగ్గర ల్యాప్‌టాప్‌లో కంపైల్ చేసి పట్టుకెళ్తాను. ల్యాప్‌టాప్‌లోని లినక్స్‌ని డెబియన్ 11 నుంచి 12కి మార్చాను. దాంతో సి ప్రోగ్రాంలు ఆధారపడే గ్లిబ్‌సి అనే లైబ్రరీ 2.31 కాస్తా 2.36 అయింది, ఎర్రర్లు మొదలయ్యాయి.

తెర నిండా ఎర్రర్లొచ్చినా మొదటిదే చదవండి. మిగతావి చాలావరకు దాని వెనకాల వచ్చేవే.

సమస్య: ప్రోగ్రాం మొదలవడానికి కావలసిన సిఆర్‌టి1 అనే ఆబ్జెక్ట్ ఫైలు దొరకలేదని, ముక్కల్ని కలిపి ప్రోగ్రాంగా చేసే లింకర్ ఆగిపోతుంది.
కారణం: అప్‌గ్రేడ్ సగంలో ఆగింది. మాకైతే మధ్యలో కరెంటు పోయింది. లైబ్రరీ వచ్చింది, హెడర్లూ, ఆ సిఆర్‌టి1 ఫైలూ ఉండే డెవ్ ప్యాకేజీ రాలేదు.
పరిష్కారం: లిబ్‌సి6 డెవ్ ప్యాకేజీ వేసి, రెండింటి వెర్షనూ ఒకటేనా చూసుకోండి.

సమస్య: ఎర్రర్ సందేశాల పట్టిక సిస్ ఎర్‌లిస్ట్ తెలియదంటుంది, లేదా కెర్నల్ సెట్టింగులు చదివే సిస్‌కంట్రోల్ హెడర్ లేదంటుంది.
కారణం: 2020లో వచ్చిన 2.32లో రెండూ తీసేశారు. మొదటిదాని గురించి లింకర్ ఏళ్ల తరబడి వార్నింగ్ ఇస్తూనే ఉంది, పట్టించుకోనిది నేనే.
పరిష్కారం: మొదటిదాని బదులు స్ట్ర్‌ఎర్రర్ వాడండి. రెండోదాని విలువలు ప్రాక్ ఫోల్డర్‌లోని ఫైళ్ల నుంచి చదువుకోవచ్చు.

సమస్య: కంపైల్ చక్కగా అవుతుంది. గట్టు మీద పెట్టెలో మాత్రం ‘గ్లిబ్‌సి 2.34 దొరకలేదు’ అని ఆగిపోతుంది.
కారణం: దీని దగ్గరే నాకు బాగా టెన్షన్ పట్టుకుంది. 2.34లో కొత్తగా వచ్చిన ఫంక్షన్ ఒక్కటీ నేను వాడలేదు. తీరా చూస్తే మెయిన్‌ని పిలిచే స్టార్టప్ ఫంక్షన్‌కే ఆ విడుదలలో కొత్త వెర్షన్ గుర్తు వేశారు. అంచేత ల్యాప్‌టాప్‌లో మామూలుగా లింక్ చేస్తే ‘హలో’ అని ప్రింట్ చేసే ప్రోగ్రాం కూడా ఇంకా 2.31తోనే ఉన్న పెట్టెలో లేవదు. పాత ప్రోగ్రాం కొత్త లైబ్రరీతో నడుస్తుంది గానీ, కొత్త లైబ్రరీతో లింక్ చేసినది పాతదానితో నడుస్తుందన్న హామీ లేదు.

‘కొత్త లైబ్రరీ ఫైలు తీసుకెళ్లి పాతదాని మీద కాపీ చేసెయ్ బావా’ అన్నాడు మా బావమరిది. ఆ పని మాత్రం చేయకండి. లైబ్రరీ, దాన్ని ప్రోగ్రాంకి తగిలించే లోడరు జతగా ఉండాలి. పొంతన తప్పితే ఫైళ్లు చూపించే ఎల్‌ఎస్, కాపీ చేసే సిపి కూడా పనిచేయవు. ఇక సరిచేయడానికి చేతిలో కమాండే మిగలదు.

పరిష్కారం: ల్యాప్‌టాప్‌లోనే డెబియన్ 11 కంటైనర్ (విడిగా నడిచే చిన్న వ్యవస్థ) పెట్టి, అందులో కంపైల్ చేయండి. పెట్టెనే అప్‌గ్రేడ్ చేయొచ్చు కదా అంటారేమో. రొయ్యల పట్టుబడి అయ్యేదాకా నేను దాని జోలికి వెళ్లను. బయల్దేరేముందు ఆబ్జ్‌డంప్ అనే టూల్‌తో ప్రోగ్రాం ఏ గ్లిబ్‌సి వెర్షన్లు అడుగుతోందో చూస్తాను. అందులో 2.31 దాటినది కనిపిస్తే బండి తీయను.