పుచ్చకాయ ముక్కలాంటి గుండ్రటి దిండు: క్రోషేతో అల్లుకునే పద్ధతి

వేసవి దిండు అనగానే చాలామంది గవ్వలు, పడవలు, నవ్వే సూర్యుడు అంటూ బొమ్మల కోసం వెతుకుతారు. నా ఓటు మాత్రం పుచ్చకాయకే. రంగులు బాగుంటాయన్నది ఒక కారణం. అసలు కారణం వేరే ఉంది. అడ్డంగా కోసిన పుచ్చకాయ వలయాలు వలయాలుగా కనిపిస్తుంది: మధ్యలో ఎరుపు, చుట్టూ తెలుపు, ఆపైన లేత ఆకుపచ్చ, చివర ముదురు ఆకుపచ్చ. క్రోషేలో గుండ్రంగా అల్లేటప్పుడు పని కూడా వలయాలుగానే సాగుతుంది. అందువల్ల బొమ్మ కోసం గళ్ల కాగితం అక్కర్లేదు, ఒకే వరసలో మూడు దారపు ఉండలు చిక్కుపడే బాధ లేదు. చుట్టు పూర్తయ్యాక రంగు మారిస్తే చాలు. గొలుసు, సింగిల్ క్రోషే, డబుల్ క్రోషే వేయడం వచ్చినవారెవరైనా దీన్ని పూర్తి చేయగలరు.

ముందుగా దారం. వేసవి దిండుకు ఊలు వద్దు. చెంపకు తగిలితే వెచ్చగా ఉంటుంది. యాక్రిలిక్ చెమట పీల్చుకోదు, కొన్నాళ్లకు పైన నూగు ఉండలు కడుతుంది. నూలు దారమే సరైనది. మెర్సరైజ్డ్ నూలు దొరికితే ఇంకా మంచిది. 1844లో జాన్ మెర్సర్ కనిపెట్టిన పద్ధతిలో కాస్టిక్ సోడా ద్రావణంలో శుద్ధి చేసిన నూలు ఇది. మామూలు నూలు కన్నా నూగు తక్కువ, మెరుపు ఎక్కువ, రంగు బాగా పడుతుంది. అయితే కొంచెం జారుతుంది కాబట్టి చివర కొసలు దాచేటప్పుడు శ్రద్ధ కావాలి. మధ్యరకం మందం ఉన్న దారం, 4 మిల్లీమీటర్ల సూది తీసుకోండి. వేడికి చేతులు చెమర్చేవారికి లోహపు సూది కన్నా వెదురు సూది పట్టు ఇస్తుంది.

16 అంగుళాల, అంటే సుమారు 40 సెంటీమీటర్ల, గుండ్రటి దిండుకు ముదురు ఆకుపచ్చ 150 గ్రాములు, ఎరుపు 100 గ్రాములు, తెలుపు, లేత ఆకుపచ్చ 50 గ్రాముల చొప్పున ఉంటే కొరత రాదు, కొంత మిగులుతుంది కూడా. గింజలకు కాస్త నల్ల దారం. ఇవి కాక మొద్దు మొన ఉన్న పెద్ద కన్ను సూది, ఆకుపచ్చ బొత్తాలు 8, తుప్పు పట్టని గుండుసూదులు.

అల్లడం మొదలుపెట్టకముందే ఎరుపు దారాన్ని పరీక్షించండి. ఈ దిండులో ఎరుపు పక్కనే తెలుపు ఉంటుంది. ఎరుపు దిగితే మొదటి ఉతుకులోనే తెల్ల వలయం గులాబీ రంగుకు మారుతుంది. మూరెడు ఎర్ర దారాన్ని, అంతే తెల్ల దారాన్ని కలిపి చుట్టి, సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో అరగంట నానబెట్టి, పిండి, కలిపే ఆరబెట్టండి. తెలుపు తెలుపుగానే ఉంటే ముందుకు వెళ్లండి. లేకపోతే ఆ ఎరుపు పక్కన పెట్టి వేరేది తీసుకోవడమే దారి. వెనిగర్‌లో నానబెడితే రంగు నిలుస్తుందని ఎవరో ఒకరు తప్పకుండా సలహా ఇస్తారు. ఉన్ని, పట్టు మీద వాడే ఆమ్ల రంగులకు వెనిగర్ సాయపడుతుంది. నూలుకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక లెక్క. ఈ ఒక్క లెక్క అర్థమైతే మిగతాదంతా చేతిపనే. గుండ్రటి అల్లిక చదునుగా ఉండాలంటే ప్రతి చుట్టుకూ కొన్ని కుట్లు పెరగాలి. ఎన్ని? చుట్టు ఎత్తు ఎంతో వ్యాసార్ధం అంత పెరుగుతుంది, చుట్టుకొలత దానికి 6.28 రెట్లు పెరుగుతుంది. సింగిల్ క్రోషే కుట్టు ఎత్తూ వెడల్పూ దాదాపు సమానం, కాబట్టి చుట్టుకు 6 కుట్లు పెంచుతాం. డబుల్ క్రోషే ఎత్తు వెడల్పుకు సుమారు రెట్టింపు, కాబట్టి 12 పెంచుతాం. నమూనాల్లో కనిపించే 6, 12 అంకెల వెనక ఉన్నది ఇదే. ఇది తెలిసినవారు దిండు ఏ కొలతదైనా నమూనా కాగితం వెతుక్కోరు.

మనం అల్లేది డబుల్ క్రోషే: సూది మీద ఒకసారి దారం చుట్టుకుని మొదలుపెట్టే కుట్టు. బ్రిటిష్ పద్ధతిలో రాసిన నమూనాల్లో దీన్ని ట్రెబుల్ అంటారు. రెండు రకాల నమూనాలూ కలిపి చూసేవారు ఇది గుర్తుంచుకోవాలి.

నేనెప్పుడూ వెనక భాగంతోనే మొదలుపెడతాను. అది మొత్తం ముదురు ఆకుపచ్చ. రంగు మార్పులు లేవు, చేయి కుదురుకుంటుంది. ఏ కుట్టయినా ఎగుడుదిగుడుగా వచ్చినా అది గోడవైపే ఉంటుంది. వేలికి దారం చుట్టి మ్యాజిక్ రింగ్ చేసి, అందులో 12 డబుల్ క్రోషేలు వేసి, కొస లాగి మధ్య రంధ్రం మూసేయండి. ప్రతి చుట్టు మొదట్లో 2 గొలుసులు వేయండి. వాటిని కుట్టుగా లెక్కపెట్టకండి. ఆ గొలుసులు మొదలైన చోటే మొదటి డబుల్ క్రోషే వేసి, చుట్టు చివర దాని తలలోకి సూది దూర్చి, ఆ కుట్టులోంచీ సూది మీది ఉచ్చులోంచీ ఒకేసారి దారం లాగే స్లిప్ స్టిచ్‌తో కలపండి. 3 గొలుసులు వేసి వాటినే ఒక కుట్టుగా లెక్కపెట్టే పాత పద్ధతి ఉంది కానీ, ప్రతి చుట్టులోనూ అక్కడ సందు పడి, మధ్యనుంచి అంచుదాకా ఒక చార కనిపిస్తుంది. నాకది నచ్చదు.

2వ చుట్టులో ప్రతి కుట్టులోనూ రెండేసి వేస్తే 24 అవుతాయి. 3వ చుట్టులో ఒకటి మామూలుగా, తర్వాతి దానిలో జంట, అంటే ఒకే కుట్టులో రెండు: 36. 4వ చుట్టులో రెండు మామూలు, ఒక జంట: 48. ఇలాగే 16వ చుట్టుదాకా. సూత్రం ఏమిటంటే, చుట్టు సంఖ్యలోంచి రెండు తీసేస్తే జంటకు ముందు ఎన్ని మామూలు కుట్లు వేయాలో తెలుస్తుంది. చుట్టు సంఖ్యను 12తో గుణిస్తే ఆ చుట్టులో ఉండాల్సిన మొత్తం కుట్లు వస్తాయి. 16వ చుట్టు చివర 192 ఉండాలి. ప్రతి చుట్టూ లెక్కపెట్టాలా అంటే, పదో చుట్టుదాకా తప్పకుండా. అప్పటికి కంటికే తేడా తెలుస్తుంది.

జంటలు ప్రతిసారీ ఒకదాని మీద ఒకటి పడితే వృత్తానికి మూలలు వచ్చి పన్నెండు పలకల పళ్లెంలా తయారవుతుంది. అందుకే 5వ చుట్టు దాటాక సరి సంఖ్య చుట్లలో జంటల చోటు మార్చండి. ఉదాహరణకు 6వ చుట్టులో నాలుగు మామూలు కుట్ల తర్వాత జంట రావాలి. చుట్టును రెండు మామూలు కుట్లతో మొదలుపెట్టి జంట వేయండి, ఆ తర్వాత నాలుగు, జంట, నాలుగు, జంట అంటూ వెళ్లండి, చివర రెండు మామూలు కుట్లు మిగులుతాయి. మొత్తం అదే, చోటే మారింది.

4 చుట్లయ్యాక ఆగి కొలవండి. వ్యాసం 9 సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉండాలి. దాన్ని నాలుగుతో గుణిస్తే 16 చుట్ల వ్యాసం తెలుస్తుంది, అంటే సుమారు 36, 37 సెంటీమీటర్లు. గలీబు దిండు కన్నా రెండు మూడు సెంటీమీటర్లు చిన్నదిగా ఉండాలి. నూలు సాగుతుంది, సరిగ్గా అదే కొలతకు అల్లితే నెలలోపే వదులై ముడతలు పడుతుంది. మీ కొలత తక్కువ వస్తే ఒకటో రెండో చుట్లు కలపండి, పై సూత్రం అలాగే పనిచేస్తుంది.

అంచు అలలు అలలుగా లేస్తోందంటే కుట్లు ఎక్కువయ్యాయన్నమాట. ఒక చుట్టు పెంపు లేకుండా అల్లితే సర్దుకుంటుంది. గిన్నెలా లోపలికి వంగుతోందంటే తక్కువయ్యాయి. కొంచెం వంగితే కంగారు పడకండి. లోపల దిండు పొంగుగానే ఉంటుంది కాబట్టి అది దానికి సరిపోతుంది. అలలు మాత్రం దిండు దూర్చినా పోవు.

ఇంకో మాట. 8 చుట్లు అయ్యాక సగం పని అయిందనుకోకండి. మొత్తం 1632 కుట్లలో అప్పటికి అయినవి 432, అంటే పావు కన్నా కొంచెం ఎక్కువ. పెద్ద చుట్లే దారాన్ని మింగేస్తాయి. వంటింటి త్రాసు ఉంటే 8వ చుట్టు దగ్గర అల్లికను తూచి నాలుగు రెట్లు చేయండి, ఒక వైపుకు కావలసిన దారం బరువు తెలుస్తుంది. చివరి చుట్టులో దారం అయిపోయి, మళ్లీ కొన్నది వేరే ఛాయలో రావడం కన్నా ఈ రెండు నిమిషాలు నయం.

ముందు భాగానికి లెక్క మారదు, రంగులే మారతాయి. 1 నుంచి 12 చుట్లు ఎరుపు, 13 తెలుపు, 14 లేత ఆకుపచ్చ, 15, 16 ముదురు ఆకుపచ్చ. తెల్ల వలయం అంచుకు ఇంకాస్త దగ్గరగా ఉండాలని మొదట అనిపిస్తుంది. కానీ దిండు పొంగినప్పుడు చివరి చుట్లు పక్కకు తిరిగిపోయి, ఎదురుగా చూస్తే సన్నగా కనిపిస్తాయి. రంగు మార్చే చోట, పాత రంగు చివరి కుట్టు పూర్తి చేసి, చుట్టు కలిపే స్లిప్ స్టిచ్‌ను కొత్త రంగుతో లాగండి. అప్పుడు పాత రంగు చుక్క కొత్త చుట్టులోకి ఎక్కదు. కొసలు కనీసం 15 సెంటీమీటర్లు వదిలి, అదే రంగు కుట్ల కింద ఒకవైపుకు, వెనక్కి, మళ్లీ ముందుకు దూర్చండి. నూలు జారుతుందన్నాను కదా, ఒక్క దిక్కుగా దూరిస్తే మొదటి ఉతుకుకే బయటికొస్తుంది. ముడులు వేయకండి, చేతికి తగులుతాయి.

గింజలు కుట్టడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. నల్ల దారాన్ని రెండు పోగులుగా చేసి లేజీ డైజీ కుట్టు, అంటే దారాన్ని ఉచ్చులా వదిలి దాని చివర చిన్న కుట్టుతో పట్టి ఉంచే కుట్టు, వేస్తే గింజ ఆకారం దానంతటదే వస్తుంది. ఉచ్చు గుండ్రటి వైపు బయటికి, సన్నటి మొన మధ్యకు చూడాలి. 6వ చుట్టుకూ 9వ చుట్టుకూ మధ్యలో చల్లినట్టు ఉండాలి, గడియారం అంకెల్లా సమానదూరంలో పేర్చకూడదు. ముందు గుండుసూదులు గుచ్చి, గది అవతలి గోడ దగ్గర నిలబడి చూడండి. మా ఇంట్లో ఈ తీర్పు మనవరాలిది. సూదులు ఎక్కడెక్కడ గుచ్చాలో తను చెబుతుంది, ఒక మూల మూడు కలిసి, ఇంకో మూల ఒకటే. పిల్లలకు వరసలు పేర్చే జబ్బు ఇంకా అంటుకోలేదు కాబట్టి వాళ్లు చెప్పినట్టే బాగుంటుంది. దిండు మీద చిన్న పిల్లలు పడుకునే ఇంట్లో గింజలుగా పూసలు మాత్రం కుట్టకండి. ఊడితే నోట్లోకే వెళతాయి.

రెండు వృత్తాలనూ తడిపి, తువ్వాలులో చుట్టి నీరు ఒత్తి, చాప మీదో మందపాటి దుప్పటి మీదో పరచి, చుట్టూ గుండుసూదులు గుచ్చి నీడలో ఆరనివ్వండి. రెండూ ఒకే వ్యాసానికి రావాలి. ముందు భాగంలో రంగులు మారినచోట చేయి బిగుస్తుంది కాబట్టి అది సాధారణంగా కొంచెం చిన్నదవుతుంది. ఈ పని దండగని దాటేసేవాళ్లు తర్వాత కలిపేటప్పుడు అంచుల్ని సాగదీస్తూ తిట్టుకుంటారు.

డబుల్ క్రోషే సందుల్లోంచి లోపలి తెల్ల దిండు కనిపిస్తే పుచ్చకాయ మీద సున్నం చల్లినట్టుంటుంది. దిండుకు ముందువైపు ఎరుపు, వెనకవైపు ఆకుపచ్చ పలచటి నూలు గుడ్డ తొడిగితే సమస్య లేదు. దీన్ని తప్పించుకోవాలని మొత్తం సింగిల్ క్రోషేతో అల్లేవారున్నారు. పని రెట్టింపు, దిండు అట్టలా బిరుసు.

కలపడానికి వృత్తాల లోపలి వైపులను ఎదురెదురుగా పెట్టి, ముందు భాగం మీవైపు ఉంచుకుని, ముదురు ఆకుపచ్చతో రెండు అంచుల్లోంచీ 128 సింగిల్ క్రోషేలు వేయండి. మిగిలిన 64 కుట్ల దగ్గర ముందు భాగాన్ని మాత్రమే పట్టుకుని, అటూ ఇటూ తిరుగుతూ రెండు వరసలు డబుల్ క్రోషే వేయండి. ఇది వెనక భాగం లోపలికి దూరే పట్టీ. ఈ పట్టీ మీద బయటికి చూసేలా 8 కుట్లకు ఒకటి చొప్పున బొత్తాలు కుట్టండి. కాజాలు అక్కర్లేదు. వెనక భాగం చివరి చుట్టులో కుట్ల మధ్య సందులే కాజాలు. బొత్తాలు కొనేముందు ఆ సందులో పట్టి బిగుతుగా ఉంటాయో లేదో చూసుకోండి.

ఉతికేటప్పుడు గలీబు తీసి తిరగేసి, చల్లటి నీళ్లలో, తక్కువ సబ్బుతో. తీగ మీద వేలాడదీయకండి. తడిసిన నూలు బరువుకు వృత్తం కోడిగుడ్డు ఆకారానికి సాగుతుంది. నీడలో పరిచి ఆరబెట్టండి, ఎండకు అన్నిటికన్నా ముందు వెలిసేది ఎరుపే.

ఇదే లెక్కతో నారింజ ముక్క కూడా వస్తుంది, ఒక్క తేడాతో. ఇందాక జంటల చోటు మార్చమన్నాను. నారింజకు మార్చకండి. జంటలు ఒకదాని మీద ఒకటి పడి మధ్యనుంచి అంచుకు పన్నెండు గీతలు తేలతాయి. వాటి మీదుగా తెల్ల దారంతో గొలుసు కుట్టు వేస్తే తొనలు విడివిడిగా కనిపిస్తాయి. 1 నుంచి 13 చుట్లు నారింజ రంగు, 14 తెలుపు, 15, 16 ముదురు నారింజ. తొనల గీతలు తెల్ల చుట్టు దగ్గర ఆపేయాలి, తొక్క మీదికి పోనివ్వకూడదు.