సర్వో వణుకుతుంటే ముందు కరెంటు చూడండి

రోబో చెయ్యి ఎత్తగానే సర్వోలు (కీళ్లను తిప్పే చిన్న మోటార్లు) గజగజ వణకడం, వాటిని నడిపే ఆర్డుయినో బోర్డు తనంతట తానే రీసెట్ అయిపోవడం చాలామందికి ఉన్న తలనొప్పే. కోడ్ జోలికి వెళ్లకముందు కరెంటు సంగతి చూడండి. చిన్న ఎస్‌జీ90 సర్వో కూడా బరువు మీద ఇరుక్కుంటే అర ఆంపియరుకు పైనే లాగేస్తుంది. నాలుగు కలిస్తే బోర్డు మీది 5 వోల్టుల పిన్ను తట్టుకోలేదు. చదరపు 9 వోల్టుల బ్యాటరీ అసలే వద్దు, డబ్బు దండగ.

సర్వోల ఎర్ర వైర్లన్నీ బోర్డు నుంచి తీసేసి విడిగా 5 వోల్టులు, 3 ఆంపియర్ల అడాప్టరు ప్లస్‌కు కలపండి. గోధుమరంగు వైర్లు మైనస్‌కు. ఆ మైనస్ నుంచి ఇంకో వైరు బోర్డు గ్రౌండ్‌కు (GND అని రాసి ఉన్న పిన్నుకు) తప్పకుండా వెళ్లాలి, అది లేకపోతే వణుకు ఇంకా పెరుగుతుంది. నారింజ రంగు సిగ్నల్ వైరు ఎక్కడిది అక్కడే. సర్వోల దగ్గర ప్లస్, మైనస్‌ల మధ్య 1000 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్ (కరెంటును కాసేపు దాచుకునే చిన్న భాగం) పెట్టండి. చార ఉన్న వైపు కాలు మైనస్‌కే, తిరగబడితే పేలుతుంది.

బ్యాటరీ డబ్బా వాడేవాళ్లకు ఇంకో మాట. మన వైజాగ్‌లో, ముఖ్యంగా బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో, ఉప్పుగాలికి స్ప్రింగుల మీద పచ్చగా చిలుము పడుతుంది. బ్యాటరీలు తీసి, మెరుపు కనిపించేదాకా సన్నటి ఎమరీ పేపరుతో రుద్దండి.

ఇంత చేసినా ఒక్క సర్వో మాత్రమే కటకటమంటుంటే లోపల గేరు పళ్లు అరిగినట్టే. దానికి ఈ చిట్కా పనిచేయదు, గేర్ల సెట్టో సర్వోనో మార్చాల్సిందే.