ఆట తెలియని ఫ్రెండ్‌ని థీమ్ మ్యాచ్‌కి తీసుకెళ్లడం ఎలా: వైజాగ్ వాళ్ల కోసం

క్రికెట్ పిచ్చి ఉన్న ఫ్రెండ్‌తో ఏ మ్యాచ్‌కి వెళ్లినా బాగానే ఉంటుంది, దానికి గైడ్ అక్కర్లేదు. "ఓవర్‌కి ఎన్ని బంతులో కూడా నాకు తెలీదు, నన్నెందుకురా లాక్కెళ్తావ్" అనే ఫ్రెండ్ ఒకరుంటారు చూడండి, వాళ్లని పీఎంపాలెం స్టేడియానికి తీసుకెళ్లాలనుకుంటే మాత్రం థీమ్ ఉన్న మ్యాచ్ కోసం ఆగండి. ఆ రోజు స్కోరు అర్థం కాకపోయినా పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది: ఒక రంగు, ఒక కారణం, చొక్కా మీద ఒక పేరు.

ఈ థీమ్ రాత్రుల్ని అందరికంటే ఎక్కువగా వాడుకునేది అమెరికా బేస్‌బాల్ వాళ్లు. అక్కడి మేజర్ లీగ్‌లో ఒక్కో టీమ్ సీజన్‌కి 162 మ్యాచ్‌లు ఆడుతుంది, అందులో సగం, అంటే 81, సొంత మైదానంలోనే. వారం మధ్యలో కూడా సీట్లు నిండాలంటే ఆట ఒక్కటే సరిపోదు కదా, అందుకే ఒక రోజు ఏదో ఒక దేశం వాళ్ల సంస్కృతి పేరు మీద, ఒక రోజు ఏదో సినిమా పేరు మీద, ఇంకో రోజు పెంపుడు కుక్కల్ని తెచ్చుకోవచ్చని చెప్పి జనాన్ని పిలుస్తారు. అక్కడ పిల్లల దగ్గరికో ఫ్రెండ్స్ దగ్గరికో వెళ్లినప్పుడు అలాంటి రాత్రి దొరికితే ఒక్క విషయం చూసుకోండి. ఆ రోజు ఇచ్చే టోపీ, జెర్సీ లాంటివి చాలాసార్లు థీమ్ టికెట్ కొన్నవాళ్లకే ఇస్తారు, మామూలు టికెట్‌తో లోపలికి వెళ్లాక అడిగితే లాభం ఉండదు.

మన దగ్గర థీమ్ అంటే ఎక్కువగా జెర్సీ రంగే. బెంగళూరు ఐపీఎల్ టీమ్ 2011 నుంచి దాదాపు ప్రతి సీజన్‌లో ఒక మ్యాచ్ పర్యావరణం కోసం పచ్చ జెర్సీతో ఆడుతోంది. గుజరాత్ టైటాన్స్ 2023లో క్యాన్సర్ అవగాహన కోసం లావెండర్ రంగు జెర్సీ మొదలుపెట్టింది. 2025 సెప్టెంబర్‌లో ఢిల్లీలో ఆస్ట్రేలియాతో జరిగిన వన్డేలో మన అమ్మాయిలు రొమ్ము క్యాన్సర్ అవగాహన కోసం గులాబీ రంగులో ఆడారు.

వీటన్నిటికంటే నాకు ఇష్టమైనది మాత్రం మన ఊళ్లోనే జరిగింది. 2016 అక్టోబర్ 29న న్యూజిలాండ్‌తో ఐదో వన్డేకి మన ఆటగాళ్లు అమ్మల పేర్లున్న జెర్సీలు వేసుకుని మధురవాడలో దిగారు. ధోనీ వీపు మీద దేవకి, కోహ్లీ వీపు మీద సరోజ్. న్యూజిలాండ్ 79 పరుగులకే ఆలౌట్ అయింది, అమిత్ మిశ్రాకి ఐదు వికెట్లు, అవన్నీ సరే. ఆట తెలియనివాళ్లకి చెప్పి చూడండి, వాళ్లు మొదట అడిగేది స్కోరు కాదు, "మిగతావాళ్ల అమ్మల పేర్లేంటి?" అని.

అందుకే ముందు రోజు ఫోన్ చేసి రూల్స్ చెప్పడం మొదలుపెట్టకండి. ఎల్బీడబ్ల్యూ గురించి ఫోన్‌లో చెప్తే ఎవరికైనా తలనొప్పే. రేపు ఆ రంగు ఎందుకు వేసుకుంటున్నారో చెప్పండి, ఇద్దరు ఆటగాళ్ల కథలు చెప్పండి, చాలు. మన స్టేడియంలోనే మిథాలీ రాజ్, రావి కల్పన పేర్లతో స్టాండ్లున్నాయి. 2025 అక్టోబర్ 12న మహిళల ప్రపంచ కప్‌లో ఆస్ట్రేలియా మ్యాచ్ రోజున పెట్టారు. కల్పన ఒక ఆటో డ్రైవర్ గారి అమ్మాయి, మన ఆంధ్ర నుంచి వెళ్లి ఇండియాకి వికెట్ కీపింగ్ చేసింది. ఆ పేరు వినివెళ్లిన మనిషి స్టాండ్ వైపు చూసే చూపు వేరుగా ఉంటుంది.

బట్టల దగ్గర బద్ధకించొద్దు, ఇద్దరూ థీమ్ రంగులోనే వెళ్లండి. కొత్త జెర్సీ కొనాలని లేదు, ఇంట్లో అదే రంగు టీషర్టో చున్నీయో ఉంటుంది. స్టేడియం బయట రోడ్డు మీద జెర్సీలు అమ్ముతారు, బుగ్గల మీద రంగులు వేస్తారు, కానీ అక్కడ దొరికేది ఎప్పుడూ ఉండే టీమ్ రంగే, థీమ్ రంగు ఉంటుందని నమ్ముకుని వెళ్లకండి. మీరెళ్లే మ్యాచ్‌కి ఏ థీమూ లేకపోతే మీరే ఒకటి పెట్టుకోండి. టీషర్టు ప్రింటింగ్ షాపులో ఇద్దరి అమ్మల పేర్లు వేయించుకుని వెళ్లండి. పక్క సీట్ల వాళ్లు తప్పకుండా అడుగుతారు, 2016 కథ చెప్పే అవకాశం మీ ఫ్రెండ్‌కే వదిలేయండి.

టికెట్ ఇద్దరిదీ ఒకే ఫోన్ నుంచి, ఒకేసారి కొనండి, లేకపోతే సీట్లు పక్కపక్కన రావు. ఆన్‌లైన్‌లో కొన్నాక కూడా కౌంటర్‌కి వెళ్లి అసలు టికెట్ తీసుకోమని చెప్పొచ్చు కాబట్టి మెసేజ్ పూర్తిగా చదవండి. ఆ పని మ్యాచ్ రోజుకి పెట్టుకుంటే అనవసరమైన టెన్షన్. మధ్యాహ్నం మొదలయ్యే వన్డే అయితే ఎండ ఎటు పడుతుందో చూసుకుని స్టాండ్ ఎంచుకోండి, మన ఊరి ఉక్కలో నాలుగు గంటలు ఎండకి కూర్చుంటే కొత్తగా వచ్చినవాళ్లు మళ్లీ రమ్మన్నా రారు. అక్టోబర్ మ్యాచ్ అయితే వాతావరణం వార్తలు కూడా చూస్తూ ఉండండి. 2014లో వెస్టిండీస్‌తో వన్డే హుద్‌హుద్ తుఫాను వల్ల రద్దయిన సంగతి మనవాళ్లెవరూ మర్చిపోలేదు.

బయటి తిండి, నీళ్ల సీసాలు, పవర్ బ్యాంకులు గేటు దగ్గరే ఆపేస్తారు. హెల్మెట్ కూడా లోపలికి రానివ్వరు, బైక్ మీద వెళ్లేవాళ్లు దానికి తాళం వేసుకునే ఏర్పాటు చూసుకోండి. ఫోన్, టికెట్, కొంచెం డబ్బు, ఏదో ఒక గుర్తింపు కార్డు, అంతే. వెళ్లేముందు కడుపు నిండా తినేయండి. ఫోన్ ఫుల్ ఛార్జ్ చేసుకోండి, ఎందుకంటే మీ ఫ్రెండ్ ఆటకంటే ఎక్కువగా వీడియోలు తీస్తారు, తీయనివ్వండి.

దారి సంగతి. స్టేడియం హైవే పక్కనే, ఎండాడ దాటాక వస్తుంది. మద్దిలపాలెం, హనుమంతవాక మీదుగా అందరూ ఒకేసారి బయల్దేరతారు కాబట్టి రాత్రి 7:30 మ్యాచ్‌కి ఐదింటికల్లా ఆ చుట్టుపక్కలే ఉండాలి. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి మధురవాడ, తగరపువలస వైపు వెళ్లే బస్సు ఎక్కితే పార్కింగ్ గొడవ ఉండదు. కారులో వెళ్తే ట్రాఫిక్ మళ్లింపుల గురించి పోలీసులు ముందే చెప్పేది చదవండి, పార్కింగ్ నుంచి నడక కూడా ఉంటుంది, చెప్పులు కాకుండా బూట్లు మేలు.

లోపల మీ పని కామెంటరీ చెప్పడం కాదు. ప్రతి బంతికీ వివరిస్తే అవతలి మనిషికి క్లాసులో కూర్చున్నట్టుంటుంది. అడిగినప్పుడు చెప్పండి, మధ్యమధ్యలో కంటికి కనిపించేవి చూపించండి: బౌలర్ టవల్‌తో బంతి తుడుచుకుంటుంటే మంచు పడుతోందని, తడి బంతి చేతిలో నిలవదని, అందుకే రాత్రి బ్యాటింగ్ తేలికవుతుందని. ఇలాంటిది ఒక్కటి తెలిస్తే చాలు, తర్వాత వాళ్లంతట వాళ్లే గమనించడం మొదలుపెడతారు. థీమ్‌కి సంబంధించి ఆట మొదలయ్యే ముందో ఇన్నింగ్స్ మధ్యలోనో ఏదైనా కార్యక్రమం ఉంటే ఆ టైమ్‌లో సమోసాల క్యూలో నిలబడకండి, మీరు వచ్చిందే దానికోసం.

ట్రాఫిక్ తప్పించుకుందామని ముందే లేచే ఆలోచన మాత్రం వద్దు. 2025 మార్చి 24న ఇదే మైదానంలో ఐపీఎల్ మ్యాచ్‌లో లక్నో మీద 210 కొట్టాల్సిన ఢిల్లీ 65కే ఐదు వికెట్లు పోగొట్టుకుంది. అక్కడి నుంచి అశుతోష్ శర్మ 31 బంతుల్లో 66 కొట్టి ఒక్క వికెట్ తేడాతో గెలిపించాడు. ముందే వెళ్లిపోయినవాళ్లు హైవే మీద ఉండగా అయిపోయింది అదంతా.

రాత్రి మ్యాచ్ అయ్యేసరికి పదకొండు దాటుతుంది, గేటు బయట అందరూ ఒకేసారి ఆటో బుక్ చేస్తారు, నెట్ కూడా సరిగ్గా పనిచేయదు. ఓ అరగంట సీట్లోనే కూర్చుని ఫోటోలు తీసుకోండి, తర్వాత జనం పలచబడ్డాక కొంచెం దూరం నడిచి అక్కడినుంచి బుక్ చేయండి. గుంపులో విడిపోతే ఎక్కడ కలవాలో లోపలికి వెళ్లేముందే మాట్లాడుకోండి, "గేటు దగ్గర" అని కాకుండా గేటు నంబర్‌తో సహా. ఫ్రెండ్ ఇల్లు గాజువాక వైపైతే తిరుగు ప్రయాణం ఎలాగో మధ్యాహ్నమే తేల్చుకోండి, లేదంటే ఆ రాత్రికి మీ ఇంట్లోనే పడుకోమని వాళ్ల అమ్మగారికి మీరే ఫోన్ చేసి చెప్పండి.