తెల్లారకుండా అరకు ఘాట్ ఎక్కేవాళ్లకు జాగ్రత్తలు

విజయనగరం నుంచి జనవరిలో బైక్ మీద బయల్దేరుతుంటే:

- ముందు టైం మార్చుకోండి. ఘాట్ మొదలయ్యే ముందు వచ్చే ఎస్.కోట (శృంగవరపుకోట)లో టీ తాగి, పొద్దెక్కాకే ఘాట్ ఎక్కండి. దీంతోనే సగం టెన్షన్ పోతుంది.

- ఫోన్‌లో 4 డిగ్రీలు చూపిస్తోంది కదా, మంచు గడ్డకట్టదులే అనుకోకండి. ఆ లెక్క నేలకు ఒకటి రెండు మీటర్ల ఎత్తులో ఉండే గాలిది. ఆకాశం తేటగా ఉన్న రాత్రి గడ్డి, బైక్ సీటు అంతకంటే చల్లబడతాయి. తెల్లటి పొర కనిపిస్తే వంతెనల మీద, నీడ మలుపుల్లో సడన్ బ్రేక్ వేయొద్దు.

- పొగమంచులో హైబీమ్ వేస్తే కళ్లముందు తెల్లగోడే. డిమ్ చాలు.

- గ్లౌజులు తప్పనిసరి. వేళ్లు కొంకర్లు పోతే బ్రేకు పట్టలేరు.

- లావు స్వెట్టర్ ఒక్కటి కాకుండా రెండు మూడు పొరలు వేసుకోండి. మధ్యాహ్నానికి ఎండ చురుక్కుమంటుంది, విప్పుకోవచ్చు.