రెడ్ డాట్ చుక్క చెదిరి కనిపిస్తే సైట్ మార్చే ముందు ఇది చూడండి

ఎయిర్ పిస్టల్‌కి రెడ్ డాట్ సైట్ (గురి చూడ్డానికి అద్దంలో ఎర్ర చుక్క చూపించే పరికరం) పెట్టుకున్నవాళ్లలో చాలామందికి చుక్క గుండ్రంగా కాకుండా తోకచుక్కలానో రెండు చుక్కల్లానో కనిపిస్తుంది, వెంటనే సైట్ పాడైందని టెన్షన్ పడి కొత్తదానికి డబ్బులు పెట్టేస్తారు. ఆగండి, ముందు ఫోన్ తీయండి.

పిస్టల్‌లో పెల్లెట్ (చిన్న గుండు) లేదని రెండుసార్లు చూసుకుని సైట్‌ని విప్పి బల్ల మీద పెట్టండి, విప్పితేనే మంచిదండీ. బ్రైట్‌నెస్ బాగా తగ్గించి, ఓ పది మీటర్ల దూరంలో ఉన్న గోడ వైపు తిప్పి, ఫోన్ కెమెరాని సైట్ అద్దం వెనక, మనం కన్ను పెట్టే వైపు పెట్టి, స్క్రీన్ మీద గోడని తాకి ఫోకస్ చేసి ఫొటో తీయండి. ఫొటోలో చుక్క గుండ్రంగా ఉంటే సైట్ బాగానే ఉంది, తేడా కంట్లో ఉంది. చాలాసార్లు అది ఆస్టిగ్మాటిజమే, అంటే కంటి వంపు అన్ని వైపులా సమానంగా లేకపోవడం. ఇంకా అనుమానముంటే కంటితో చూస్తూ సైట్‌ని గడియారం ముల్లులా మెల్లగా పక్కకి తిప్పండి, తోక కూడా దాంతో పాటు తిరిగితే లోపం సైట్‌దే, తిరక్కపోతే కంటిదే.

కంటిదైతే సిలిండర్ పవర్ (ఆస్టిగ్మాటిజాన్ని సరిచేసేది) ఉన్న కళ్లజోడు పెట్టుకుని చూడండి, బ్రైట్‌నెస్ కూడా తగ్గించండి. మన విజయవాడ ఎండలో పెంచిన బ్రైట్‌నెస్‌ని రేంజ్ లోపలికొచ్చాక అలాగే వదిలేస్తే మంచి కంటికి కూడా చుక్క చెదురుతుంది. 3 ఎంఓఏ (చుక్క సైజు చెప్పే కోణం కొలత, ఒక ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) చుక్క పది మీటర్ల దగ్గర దాదాపు 9 మిల్లీమీటర్లే, అంతకంటే బాగా పెద్దగా కనిపిస్తుంటే వెలుగు ఎక్కువైనట్టే.

ఒక్కటి గుర్తుంచుకోండి, హోలోగ్రాఫిక్ సైట్‌కి (లేజర్‌తో చుక్కని చూపించే వేరే రకం) ఈ ఫొటో పరీక్ష సరిగా పనిచేయదు, దాని చుక్క దగ్గరగా చూస్తే మామూలుగానే గరుకుగా ఉంటుంది. అద్దం మీద వేలిముద్రలున్నా ఫొటో తప్పు చెబుతుంది.